బిగింపు పురాణం

లార్జ్ ఫార్మాట్ కెమెరాలు వాడేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే వెలుగునీడల గురించి మాట్లాడుకుంటారని బయటివాళ్ల నమ్మకం. అలాంటిదేమీ ఉండదు. రింగు గురించి మాట్లాడుకుంటారు. లెన్స్ బోర్డు వెనక, ఎవరికీ కనపడని చోట, షట్టర్‌ని పట్టి ఉంచే పల్చటి లోహపు రింగు అది. కిలోకి అటూ ఇటూ తూగే 300 మిల్లీమీటర్ల లెన్స్ ముందువైపు ఎంత ఠీవిగా నిలబడ్డా, దాని పరువు మొత్తం ఆ రింగు గుప్పిట్లోనే ఉంటుంది.

మామూలు కెమెరాకి ఈ గొడవ లేదు. లెన్స్ పెట్టి తిప్పితే టక్కుమంటుంది, అంతే, ఇక ఫొటోలు తీసుకోవచ్చు. మా దాంట్లో అద్దాలు ఒకరివి, షట్టర్ ఇంకొకరిది, కెమెరా మరొకరిది. నా దగ్గరున్నదే చూడండి: జర్మనీలో బాద్ క్రొయిట్స్‌నాక్‌లో సానబట్టిన అద్దాలు, జపాన్ వాళ్ల కోపల్ షట్టర్, కేరళలో అలప్పుళ వాళ్లు టేకుతో, ఇత్తడితో చేసిన వాగీశ్వరి పెట్టె. జన్మలో ఒకరి మొహం ఒకరు చూడని ఈ ముగ్గురినీ ఒక్క పందిట్లోకి లాక్కొచ్చే పెళ్లిళ్ల పేరయ్య పేరే లెన్స్ బోర్డు.

బోర్డుకో కన్నం ఉండాలి. కోపల్ 0 షట్టర్‌కి 34.6 మిల్లీమీటర్లు, కోపల్ 1కి 41.6, కోపల్ 3కి 65. సున్నా తర్వాత ఒకటి, ఒకటి తర్వాత మూడు! మధ్యలో రెండు ఎక్కడికి పోయిందని అడిగినవాణ్ణి కొత్తవాడని పోల్చేయవచ్చు. పాతవాళ్లు అడగరు, వాళ్లని అంతకంటే పెద్ద కష్టాలు పీడిస్తుంటాయి. ఉదాహరణకి లిన్‌హాఫ్ టెక్నికా బోర్డు 96 మిల్లీమీటర్లు బై 99. అంటే చూడ్డానికి చతురస్రం, కొలిస్తే కాదు. పైగా కన్నం సరిగ్గా నడిమధ్యన ఉండదు, కాస్త కిందికి దిగి ఉంటుంది. చతురస్రమే కదాని దాన్ని ఎటుపడితే అటు తోసేవాళ్లని మ్యూనిక్‌లో కూర్చుని ఎవరో చూసి నవ్వుకుంటూ ఉంటారని నా అనుమానం.

పాతకాలంలో ఇంత తతంగం లేదు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం వైభవాన్ని గాజు ప్లేట్ల మీదికి ఎక్కించిన రాజా దీన్‌దయాళ్ కాలపు లెన్సుల్ని చూస్తే ఈర్ష్య పుడుతుంది. ఇత్తడి గొట్టం, దానికో ఇత్తడి ఫ్లాంజి, ఫ్లాంజిని చెక్కకి పట్టించే చిన్న స్క్రూలు. మూత తియ్యి, లెక్కపెట్టు, మూత పెట్టు. ఎవడూ దేన్నీ మెలిపెట్టడు కాబట్టి ఏదీ వదులవదు. తర్వాత లెన్స్ మధ్యలోకి షట్టర్ వచ్చి కూర్చుంది. దానికో మీట. ఫొటో తీసిన ప్రతిసారీ ఆ మీట లాగి స్ప్రింగుని మళ్లీ బిగించాలి. లాగినప్పుడల్లా షట్టర్ మొత్తాన్నీ మనం ఓ వెంట్రుకవాసి తిప్పుతున్నట్టే. అలా జరగకుండా షట్టర్ వీపున ఓ బుల్లి స్క్రూ పెట్టారు, బోర్డుకి దాని కోసం ఓ గాడి ఉండాలి. గాడి లేని బోర్డు దొరికితే మనవాళ్లు ఏం చేస్తారు? గాడి తియ్యరు. స్క్రూ పీకేస్తారు. ఇక ఉదయం నడినెత్తిన ఉన్న ఎఫ్ 22 గుర్తు మధ్యాహ్నానికి పక్కకి వాలుతుంది, సాయంత్రానికి అదెక్కడుందో చూడాలంటే ఫొటోగ్రాఫరే మెడ వంచాలి.

1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వగైరాలు తమ బృందానికి ఎఫ్ 64 అని చిన్న కన్నం పేరు పెట్టుకుని ప్రసిద్ధులయ్యారు. రింగు పేరు పెట్టుకున్న బృందం ఇంతవరకూ రాలేదు. రింగు వదులై లెన్స్ ఓ పక్కకి ఒరిగాక, మీరు 64 కాదు, సూదిబెజ్జం పెట్టినా ఆ పాపం పూర్తిగా పోదు.

బిగించే పద్ధతి చెప్పుకుంటే రెండు ముక్కలే. లెన్స్ వెనక సగం విప్పి, గుడ్డ మీద నిలబెట్టాలి, దొర్లనివ్వకూడదు. దాని అంచున కాగితమంత పల్చటి వాషర్ కనబడితే, అదేదో చెత్త అనుకుని ఊదేయకుండా అక్కడే ఉంచాలి. అద్దాల మధ్య దూరం దాని లెక్క ప్రకారం ఉంటుంది. షట్టర్‌ని ముందునుంచి కన్నంలోకి దూర్చి, వెనకనుంచి రింగు ఎక్కించి, రెండు ముళ్ల స్పానర్‌తో తిప్పాలి. షట్టర్‌ని పట్టుకోవాలి గానీ ముందున్న అద్దాన్ని పట్టుకోకూడదు. అదీ మరే కదా! ఇక్కడ రింగు బిగుస్తోందని మనం మురిసిపోతుంటే అక్కడ అద్దం ఊడుతూ ఉంటుంది.

ఆ రెండు ముళ్ల స్పానర్ మాత్రం ఏ ఇంట్లోనూ ఉండదు. కాబట్టి పిల్లల జామెట్రీ బాక్సులోంచి డివైడర్ వస్తుంది. అది వంగాక కత్తెర మొనలు. అవి జారాక స్క్రూడ్రైవరూ సుత్తీ. జారిన మొన తిన్నగా షట్టర్ రేకుల్లోకి దిగుతుంది, ఆ రేకులేమో గాలికే భయపడే రకం. అందుకే సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు అందరూ టార్చి వేసి అద్దంలో బూజు వెతుకుతుంటే నేను వెనక రింగు చూస్తాను. గాట్లు లేకపోతే పాత యజమాని పెద్దమనిషి. గాట్లుంటే బేరం సగానికి మొదలెడతాను. ఎమ్‌సీల్ కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

వాగీశ్వరితో చిక్కు వేరే. పాత ఇత్తడి లెన్సుల్ని స్క్రూలతో మోసిన కెమెరా కాబట్టి దాని బోర్డు మందపాటి టేకు. కోపల్ మర పల్చటి రేకు బోర్డుల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన పొట్టి మర. అంత మందం దాటి అవతలికి తల ఎత్తలేదు, రింగుకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. వెనకనుంచి కన్నం చుట్టూ చెక్కని గుండ్రంగా లోతు చెయ్యాలి, ముందువైపు మాత్రం నిండుగా ఉండాలి. మా వీధి వడ్రంగి మేస్త్రీ బోర్డుని అటూ ఇటూ తిప్పి చూసి, "దర్వాజా తాళానికి తియ్యమన్నా ఇంత లెక్క చెప్పరు సార్" అన్నాడు. అన్నాడే గానీ, ఉలితో ఎంత ముచ్చటగా తీశాడంటే, రింగు ఆ పళ్లెంలో కూర్చుని మారు మాట్లాడలేదు. బుల్లి స్క్రూకి గాడి కూడా తీశాడు. నేను మీట లాగి చూశాను. షట్టర్ కదల్లేదు. బోర్డు పట్టుకుని ఊపాను. కదల్లేదు. వెలుతురు ఎక్కడైనా కారుతోందేమోనని బెలోస్‌లో టార్చి పెట్టి, చీకటి గదిలో చుట్టూ తిరిగి చూశాను. చుక్క లేదు.

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి ఓపిగ్గా చూసిన మేస్త్రీ, "ఓ ఫొటో తియ్యండి సార్ నాది" అన్నాడు.

"ఫిల్మ్ లేదయ్యా. షీటు ఖరీదు వింటే నీకే జాలేస్తుంది."

"మరి లోపలేముందీ?"

"ఏమీ లేదు."

ఉలి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు: "ఖాళీ డబ్బాకి ఇంత బందోబస్తా సార్!"