ట్రాన్సిస్టర్ అణువు చేసేవారికి తలకిందుల సలహాలు

విజయనగరంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి, ఆర్గానిక్ సెమీకండక్టర్ల మీద పరిశోధనకు వెళ్లాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెబుతున్నాను. గైడ్లు వద్దనేవే ఇందులో ఎక్కువ. అయినా చెయ్యండి.

మొదటి ఏడాది కొత్త అణువు జోలికి పోకండి. కాపర్ థాలోసయనిన్ కొనుక్కోండి. పెయింట్లలో, ప్రింటింగ్ ఇంకుల్లో కనిపించే నీలం రంగు అదే. మన తార్నాక ఐఐసీటీలో సోలార్ సెల్స్ కోసం ఈ కుటుంబపు అణువుల మీద చాలా పని జరిగింది. కొన్న థాలోసయనిన్‌ను శూన్యంలో వేడిచేసి, ఆవిరిగా లేపి శుద్ధి చెయ్యండి. శుద్ధికి ముందొక పొర, తర్వాతొక పొర వేసి రెండు ట్రాన్సిస్టర్లూ కొలవండి. 1996లో బెల్ ల్యాబ్స్ బృందం ఈ పదార్థంతో వోల్ట్-సెకనుకు 0.02 చదరపు సెంటీమీటర్ల మొబిలిటీ (ఛార్జ్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే కొలత) చూపించింది. ఆ దరిదాపులకు రాకుండా కొత్త అణువు చేస్తే, ఫలితం చెడినప్పుడు తప్పు అణువుదో మన చేతిదో తేలదు.

చక్కని అణువు దొరికితే దానికి అడ్డం తగిలించండి. పెంటసీన్ అయిదు బెంజీన్ వలయాల బల్లపరుపు అణువు. మామూలు ద్రావకాల్లో సరిగా కరగదు, స్ఫటికంలో ఒకదాని అంచు ఇంకోదాని ముఖానికి తగిలేలా సర్దుకుంటుంది. 2001లో జాన్ ఆంథొనీ బృందం నడిమి వలయానికి రెండువైపులా లావాటి సిలికాన్ గుంపులు కట్టింది. ఆ అడ్డమే అణువులను గోడలో ఇటుకల్లా ముఖాముఖి పేర్చింది, టొలుయీన్‌లో కరిగేలానూ చేసింది.

గ్లోవ్‌బాక్స్‌లో కొలిచి ఊరుకోకండి. బంగాళాఖాతం తడిగాలి వీచే శ్రావణ భాద్రపదాల్లో బయటపెట్టి కొలవండి. ఎలక్ట్రాన్లు నడిపే అణువుకి ఆక్సిజన్, నీటి ఆవిరి పెద్ద శత్రువులు. దాని లూమో సుమారు మైనస్ 4 ఎలక్ట్రాన్ వోల్ట్ల కంటే కిందికి దిగకపోతే గాలిలో ఎక్కువకాలం నిలవదు. ఫ్లోరిన్, ఇమైడ్ గుంపులు చేర్చేది అందుకే.

అన్నిటికంటే కష్టమైనది: తక్కువ అంకె రాయండి. గేట్ వోల్టేజ్ పెంచుతుంటే కరెంటు గ్రాఫ్ ముందు నిటారుగా లేచి, తర్వాత వాలుతుంది. నిటారు భాగంలో లెక్కిస్తే మొబిలిటీ చాలా రెట్లు పెరిగి కనిపించవచ్చు. వాలు భాగమే తీసుకోండి. ఇదే రంగంలో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు యాన్ హెండ్రిక్ షోన్ వేర్వేరు పదార్థాలకు ఒకే గ్రాఫ్ చూపించాడు. 2002లో విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది. అతన్ని నమ్మి ఆ ప్రయోగాలే మళ్లీ చెయ్యబోయిన విద్యార్థుల శ్రమ వృథా అయింది. నాకు బాధ కలిగించేది అదే.

ఒక సిలికాన్ పలక మీద ఇరవై డివైజ్‌లుంటే ఇరవై అంకెలూ రాయండి, పనిచెయ్యనివాటితో సహా.