తైలముగారి హిమాలయ యాత్ర

పాపులు హిమాలయములకేగి పునీతులై తిరిగివచ్చుట మన పూర్వులెరిగినదే కాని, ఇండొనీషియా, మలేషియా తోటలలో పుట్టి కలకత్తా రేవున ఓడ దిగిన ముడి పామాయిల్ సైతము, మన గడ్డమీదుగానే నేపాళమునకు సాగి, బీర్‌గంజ్, విరాట్‌నగర్ కార్ఖానాలలో శుద్ధిపొంది, సుంకమను మాలిన్యమును సమూలముగా కడిగికొని, మరల సరిహద్దు దాటి మన వంటిండ్లకే విచ్చేయుట మాత్రము అభినవ వాణిజ్యము కనుగొన్న పుణ్యకార్యము. నేపాళమున పామాయిల్ తోటలే లేవుగదా యని శంకించువారు వ్యాపారమునకు పనికిరారు.

2006లో అమలులోనికి వచ్చిన దక్షిణాసియా స్వేచ్ఛావాణిజ్య ఒప్పందమును రచించిన మహాశయుల ఉద్దేశమున దోషములేదు. ఇరుగుపొరుగువారు గోడలు తగ్గించుకొన్నచో విపణి విశాలమగును, సరకు చౌకయగును, చిన్నదేశపు వర్తకునికి పెద్దదేశపు గిరాకి అందివచ్చును. నేపాళమున కొందరు కార్మికులకు కూడు దొరకినమాటయు నిజమే. పరాయి ముడిసరకుతో చేసిన వస్తువు సుంకము లేక సరిహద్దు దాటవలెనన్నచో, వెనుకబడిన దేశమున దానికి నూటికి 30 వంతుల విలువ చేరవలెనని నిబంధన కలదు. నూనె రంగును, వాసనను తీసివేసినంతమాత్రమున విలువ అంతగా పెరుగుట ఎట్లో గానుగాడువానికి బోధపడదు కాని, ఆ విలువ చేరినదని ధ్రువపత్రము వ్రాయువానికి సుస్పష్టముగా గోచరించును.

2020 జనవరిలో ఢిల్లీ ప్రభువులు మేలుకొని శుద్ధి చేసిన పామాయిల్‌ను ఆంక్షల జాబితాలో చేర్చిరి. వర్తకుడు తొణకక సోయా నూనెను ఆశ్రయించెను. 2024 సెప్టెంబరులో మన రైతును రక్షింపనెంచి ముడినూనెపై సుంకమును 27.5 శాతమునకును, శుద్ధి చేసిన నూనెపై 35.75 శాతమునకును పెంచగా, ఆ గోడ ఎంత ఎత్తు లేచెనో, దాని ప్రక్కనున్న దొడ్డిదారికి అంత అద్దె పెరిగి, సోయా నూనె నేపాళమునుండి వరదవలె వచ్చిపడెను. మన శుద్ధికర్మాగారముల యజమానులు మొరపెట్టుకొనిరి, పెట్టుకొనుచునే యున్నారు.

ఈ ఒప్పందము చేసికొన్న దక్షిణాసియా కూటమిలోని దేశముల వాణిజ్యమున నూటికి 5 వంతులు మాత్రమే పరస్పరము జరుగునని చెప్పుదురు. 2014లో కాఠ్మాండూలో కలిసిన పిమ్మట దేశాధినేతలు మరల శిఖరాగ్రసభలో కూర్చుండలేదు. నేతలు విడిచిపెట్టిన సౌహార్దమును ట్యాంకరు లారీలు అహోరాత్రములు నిలబెట్టుచుండుట చూడ నా కన్నులు చెమర్చుచున్నవి.

ఇక ఆయిల్‌పామ్ సాగున దేశమునకే అగ్రగామియైన ఆంధ్రమున ఏలూరు రైతును, తెలంగాణమున అశ్వారావుపేట రైతును తలచెదము. మూడునాలుగేండ్లు కాపునకై కాచుకొని గెల కోసిన వీరికి దక్కు ధర ముడినూనె ధరతో ముడిపడియున్నది. నూటికి నూరువంతులు స్వదేశమున పుట్టిన వీరి గెలకు ఏ ధ్రువపత్రమును లేదు. గెలలనే బీర్‌గంజ్‌కు పంపి విదేశీ మర్యాద సంపాదింపుడని సలహా చెప్పబోతిని కాని, కోసిన గెల ఒకటి రెండు దినములలో మిల్లు చేరకున్న నూనె పాడగునట. గోదావరి తీరమునుండి నేపాళమునకు లారీ అంతలో చేరదు.