తలమీద చెయ్యి, జేబులో చెయ్యి

నంద్యాల క్రైస్తవుల పట్టుదల సామాన్యమైంది కాదు. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)గా ఏర్పడుతుంటే, ఇక్కడి ఆంగ్లికన్లలో చాలామంది "మేం రాం" అని భీష్మించారు. బిషప్పు చెయ్యి తలమీద పడకుండా పాస్టరైనవాణ్ణి పాస్టరని ఎట్లా ఒప్పుకోవాలన్నదే పెద్ద పేచీ. వేరే కారణాలూ లేకపోలేదు. 1963లో నంద్యాల సొంతంగా డయాసిస్ అయింది, 1975లో గానీ సీఎస్ఐలో కలవలేదు. తలమీద పడిన చెయ్యి ఎవరిదని ఇరవై ఎనిమిదేళ్ళు వాదించుకున్నాం. తలమీంచి లేచాక ఆ చెయ్యి ఎక్కడికి పోతోందని ఒక్కరోజూ అడగలేదు.

ఇప్పుడది ఆసుపత్రికి పోతోంది. తెల్లచొక్కా, చంకలో బైబిలు, వెనక ఫోను పట్టుకున్న కుర్రాడు. మంచంమీద రోగి కాలికి బరువు కట్టి ఉంటుంది, లేచి పోలేడు. దైవజనుడికి కావలసిందీ అదే. గుళ్ళో అయితే ప్రసంగం మధ్యలో టీ తాగడానికి జారుకోవచ్చు, సెలైను ఎక్కుతున్నవాడు ఎక్కడికి జారుకుంటాడు? రోగి పేరు, ఊరు, రోగం, ఇంట్లో తాగుడు, బయట అప్పు, అన్నీ పక్క మంచాలకు వినపడేట్టు దేవుడికి విన్నవిస్తాడు, ఆయనకు అంతకుముందు తెలియనట్టు. సాయంత్రానికి అదంతా యూట్యూబులో ఉంటుంది. సబ్‌స్క్రైబ్ చేయండి, ఆమేన్.

"అయ్యగారూ, షుగరు మాత్రలు మింగల్లా, వద్దా?" అని ముసలామె అడుగుతుంది.

"విశ్వాసముంటే మాత్రలెందుకమ్మా?"

అయ్యగారు మాత్రం తన బీపీ మాత్ర పొద్దున్నే వేసుకునే బయల్దేరారు. ముసలామె చేతిలో నూనె సీసా పెట్టి, ఆమె చాపిన కవరు మడిచి జేబులో పెట్టుకుంటారు. మహిమతో షుగరూ కేన్సరూ నయం చేస్తామని ప్రకటనలిచ్చేవాళ్ళకు మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలుందని 1954 చట్టం చెబుతోంది. ఫ్లెక్సీ వేయించేముందు అదొక్కసారి చదివితే మంచిది. నూనెకు ఆధారం యాకోబు పత్రిక అయిదో అధ్యాయమంటారా? సరే, అదే మాట మొదట్నుంచీ చదవండి. రోగి సంఘపెద్దల్ని పిలిపించుకోవాలని ఉంది. పిలుపు లేకుండా పెద్దలే వార్డు వార్డూ తిరగాలని లేదు.

ప్రసూతి వార్డు సంగతి మరీ ఘోరం. సీఎస్ఐకి తొలి మహిళా బిషప్పు ఎగ్గోని పుష్పలలిత 2013లో అభిషేకం పొందింది ఈ నంద్యాల డయాసిస్‌కే. అయినా బాలింత మంచం దాకా మగ దైవజనుడే పోతాడు, తలమీదా పొట్టమీదా చెయ్యి వేసి ప్రార్థిస్తాడు. పాస్టరమ్మ బయట చెప్పుల కాడ కూచుంటుంది.

రోగి చెవిలో చెప్పుకున్న కష్టం ఆదివారం ప్రసంగంలోకి ఎక్కుతుంది: "మొన్న ఆళ్లగడ్డలో ఒక సహోదరి..." పేరు చెప్పలేదు కదా అంటాడు. ఊరు చెప్పి, రోగం చెప్పి, మొగుడు ఆటో తోలతాడని చెప్పాక పేరెందుకు? లాయరుకు చెప్పుకున్న రహస్యానికి మన సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది. పాస్టరుకు చెప్పుకున్నదానికి అదీ లేదు, ఆయన నోరే దిక్కు. ఆ నోరు సండేస్కూలు పిల్లకు అన్యాయం జరిగిందని తెలిస్తే మాత్రం "సంఘం పరువు" అంటూ మూతపడుతుంది. 2012 పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తెల్లచొక్కాకు మినహాయింపేమీ రాయలేదు.

ఎదుటివాడి కష్టాన్ని వాడుకోని దైవజనులూ లేకపోలేదు. నల్లమల అవతల ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు దొర ఉండేవాడు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆకలిమీదున్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఇవ్వనన్నాడు. కూలికోసం వచ్చినవాడెవడో, క్రీస్తుకోసం వచ్చినవాడెవడో తేలాలన్నాడు. సహాయం పనులు ముగిశాకే మొదలుపెట్టాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఈ అంకె మనవాళ్ళకు నోటికొచ్చు. అంతకుముందు ఆయన ఆగిన నెలలు ఎవరికీ గుర్తులేవు. ఈ రోజుల్లో అయితే కూలి క్యూలోనే తొట్టి కట్టేవాళ్ళం.

రోగి దగ్గర ఎట్లా కూచోవాలో నేర్పే చదువు లేక కాదు. ఆంటన్ బోయిసెన్ అనే అమెరికా పాస్టరు మతి చలించి తానే మానసిక చికిత్సాలయంలో రోగిగా గడిపాడు. కోలుకున్నాక 1925లో వూస్టర్ ప్రభుత్వ ఆసుపత్రికి వేదాంత విద్యార్థుల్ని తీసుకెళ్ళి, గ్రంథం చదివినంత శ్రద్ధగా మనిషిని చదవమన్నాడు. ఆసుపత్రి చాప్లిన్ల శిక్షణకు అదే మొదలు. అలాంటి శిక్షణ వేలూరు సీఎంసీ ఆసుపత్రిలోనూ ఉంది. మన ఆళ్లగడ్డవాళ్ళు గుండెజబ్బంటే వేలూరు పోతూనే ఉన్నారు, పోతూపోతూ అయ్యగారిని కూడా ఆ బండే ఎక్కించొచ్చు.

గత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం పెట్టినప్పుడు ఏవేవో కాగితాలు అడిగింది. మంచం పక్కన ఎట్లా మసులుకుంటావని అడగలేదు. ఆ కాగితం సంఘాలే రాసుకోవాలి. పిలవందే పోను, ఫోను తియ్యను, మందులు మానమనను, కవరు తీసుకోను, విన్నది మైకులో చెప్పను, పిల్లల సంగతైతే పోలీసులకు చెబుతాను. ఇంతే. పెద్ద కేథడ్రలైనా రేకులషెడ్డు సంఘమైనా ఈ ఆరు ముక్కలూ రాసి మీ అయ్యగారి ముందు పెట్టండి. సంతకం చెయ్యనంటే ఈ ఆదివారం కానుక సంచి మీ వరసకు వచ్చినప్పుడు ఖాళీగానే పక్కవాళ్ళకు అందించండి.