అరువు కత్తి పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ. అరువు కత్తి తెచ్చి యడవిని గెలువంగ
మొద్దు వాదరఁ గని మూతి ముడిచి
పదును పెట్టి యిమ్ము పరుల యుక్కని యెంచి
గోరు మందమైనఁ గొఱతగాక

అవతారిక

ఈ ఆటవెలది ఏ తాళపత్ర గ్రంథంలోనూ లేదు. ఒక కత్తి వచ్చిన అట్టపెట్టె మూత లోపల బాల్‌పెన్నుతో రాసి ఉండగా దొరికింది. కర్త పేరు లేదు. పక్కనే "బావగారికి తిరిగి ఇవ్వాలి" అని గీత గీసి మరీ రాసి ఉన్నందున, కర్త అరువు తెచ్చుకున్నవాడనీ సొంతదారు అతనికి బావ వరస అనీ తేలుతోంది. మెదక్ సీమలోని కొలిచాలకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆ రెంటిలో మొదటిదాన్ని మేమూ పాటిస్తాం. రెండోది మా శక్తికి మించింది.

పాఠాంతరం: "మూతి ముడిచి" అన్నచోట "మోము ముడిచి" అని కొట్టివేసిన పాఠం కనబడుతోంది. యతి రెంటికీ కుదురుతుంది. అయితే మోము ప్రబంధ నాయికలది. అరువు వస్తువును చూసి ముడుచుకునేది మూతే కనుక పై పాఠమే గ్రాహ్యం.

ప్రతిపదార్థ వివరణ

అరువు కత్తి = ఎరవు తెచ్చుకున్న కత్తిని. ఏ కత్తి? కూరలు తరిగే చాకు కాదు, కత్తిపీట కాదు, కొడవలి అంతకన్నా కాదు. కా-బార్ సంస్థ వారి బెకర్ బీకే-2 అనే అడవి కత్తి అని పెట్టె మీది అచ్చు చెబుతోంది. అలుగు పొడవు 5.25 అంగుళాలు. వీపు మందం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. బరువు అర కిలోకు కాస్త తక్కువ. అలుగూ పిడీ వేరు కావు; ఒకే ఉక్కు పలక పిడి చివరిదాకా సాగుతుంది, చేతికి తగిలేవి దానికి ఇరువైపులా బిగించిన తొడుగులు మాత్రమే. అందుకే దీని వీపు మీద కర్రతో మోది దుంగలు చీల్చినా పిడి ఊడి రాదు.

శంక: ఈ కత్తికి రూపమిచ్చిన ఈథన్ బెకర్, 1931లో వెలువడిన "జాయ్ ఆఫ్ కుకింగ్" అనే ప్రసిద్ధ అమెరికన్ వంటల పుస్తకం రాసిన ఇర్మా రాంబవర్‌కు స్వయానా మనవడు. అంతటి వంటింటి వంశపు కత్తి టమాటాను కోయలేక నలపడమేమి?

సమాధానం: దోషం వంశానిది కాదు, సాంగత్యానిది. బావగారింట ఉన్నన్నాళ్లూ అది చూసిన అడవల్లా సామాన్ల అట్టపెట్టెలే. అట్ట చేతికి మెత్తన, అంచుకు గరుకు. వాటిని విప్పీ విప్పీ కత్తి అరిగింది. పైగా ఇంత మందపాటి అలుగు ఎంత పదునుగా ఉన్నా ఉల్లిపాయను తరగడం కన్నా పగలగొట్టడానికే మొగ్గు చూపుతుంది. అది దాని ధర్మం.

తెచ్చి = విమానంలో తెచ్చి. చేతిసంచిలో కత్తి కుదరదు కనుక చెక్-ఇన్ సామానులో, ఆవకాయ జాడీలు వెళ్లిన పెట్టెలోనే తిరిగి వచ్చిందని ఊహ్యం. దీనికి లైసెన్సు అక్కర్లేదా అని కొందరి శంక. మన ఆయుధ నియమాలు కత్తుల విషయంలో 9 అంగుళాలకు మించిన పొడవునూ 2 అంగుళాలకు మించిన వెడల్పునూ హద్దుగా పెట్టుకున్నాయి. బావగారి కత్తి ఆ రెంటికీ లోపలే ఉంది. కవి నిర్భయంగా పద్యం రాసుకోవచ్చు.

అడవిని గెలువంగ = అడవిని జయించుటకై. ఇక్కడ వాచ్యార్థం పొసగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టనివ్వదు కనుక నల్లమల ప్రసక్తి లేదు. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు లక్షణను ఆశ్రయించాలని శాస్త్రం. కాబట్టి అడవి అనగా అపార్ట్‌మెంటు మిద్దె, అక్కడ ఎవరో వదిలేసిన ఎండు తుమ్మదుంగ.

మొద్దు వాదరఁ గని = పదును లేని అంచును చూచి. "కని" అన్న మాటను తేలిగ్గా తీసుకోరాదు. పదునైన అంచు కంటికి కనిపించదు. దీపం కింద అంచును పైకి పెట్టి అటూ ఇటూ వంచి చూస్తే, మొద్దుబారిన చోట సన్నని తెల్లగీత మెరుస్తుంది. అంచు చదునై, వెలుతురును తిప్పికొట్టేంత వెడల్పు తెచ్చుకుందని దాని అర్థం. గీత కనబడిందంటే పదును లేదు. గీత లేనిచోట పదును ఉంది. కవి కన్నది ఈ గీతనే.

పూర్వపక్షం: ఈ కత్తితో కవి అప్పటికే తుమ్మదుంగను చీల్చాడు. దుంగను చీల్చిన కత్తి మొద్దుదెలా అవుతుంది?

సిద్ధాంతం: దుంగను చీల్చేది అంచు కాదు, మందం. అంచు దారి చూపి తప్పుకుంటుంది. ఆ వెనుక 6.35 మిల్లీమీటర్ల వీపు చొరబడి కర్ర పీచును పక్కలకు నెడుతుంది. కనుక దుంగ పరీక్ష ఉక్కుకూ పిడికీ గానీ పదునుకు కాదు. పదునుకు పరీక్షలు వేరు. వేలాడే వార్తాపత్రిక అంచును చిరగకుండా కోయాలి. ఎండుపుల్లను విరగకుండా సన్నని పొరలుగా చెక్కి, నిప్పు రాజేసే కుచ్చులా మిగల్చాలి. ఈ రెండో పరీక్షే అడవి కత్తికి తగినది. ముంజేతి వెంట్రుకలు గొరిగి చూసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అది కత్తి కన్నా సొంతదారు గర్వాన్ని ఎక్కువగా పరీక్షిస్తుంది. దుంగ చీల్చాక పత్రిక పరీక్ష మళ్లీ చేయాలి. అంచు ఒక పక్కకు మడతపడితే ఉక్కు మెత్తనిది, పెచ్చులూడితే మరీ పెళుసుది, రెండూ లేకపోతే సరైనది.

మూతి ముడిచి = అసంతృప్తిని మాటల్లో కాక ముఖంలో చూపి. అరువు ఇచ్చినవారి వస్తువును నోటితో నిందించరాదన్న లోకమర్యాద ఇక్కడ సూచితం. "ఏం బావా, కత్తి అదిరిందా?" అని ఫోనులో అడిగితే "బరువు బాగుంది బావగారూ" అనాలి తప్ప అంచు మాట ఎత్తరాదు.

పదును పెట్టి = నూరి. ఎక్కడ నూరాలి? వీధిలో సైకిలు చక్రం మీద సాన పట్టేవారి నైపుణ్యం కత్తిపీటలకూ కొడవళ్లకూ చాలినదే. ఈ ఉక్కుకు మాత్రం గిర్రున తిరిగే పొడిరాయి ప్రమాదం. కాల్చి నీటిలోనో నూనెలోనో చల్లార్చిన ఉక్కును మళ్లీ 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడి చేసి పెళుసుదనం తగ్గిస్తారు. అంచు అంతకు బాగా మించి వేడెక్కితే మొదట గడ్డిరంగు, తర్వాత గోధుమరంగు, 300 డిగ్రీల దరిదాపుల్లో నీలం తేలుతుంది. నీలం తేలిన అంచు మెత్తబడినట్టే. నిప్పురవ్వలు ముచ్చటగానే ఉంటాయి, కానీ కత్తి బావగారిది.

కాబట్టి చేతితో, తడిరాతి మీద. రాతి గరుకును చెప్పే అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. 400తో మొదలుపెట్టి 1000తో ముగిస్తే అడవి కత్తికి చాలు. ఈ జాతి కత్తులకు అంచు కోణం ఒక్కో వైపు 20 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. అంచు నుంచి వీపు దాకా 40 మిల్లీమీటర్లు ఉంటే, వీపు నడిమిగీత రాతికి దాదాపు 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు కోణం 20 డిగ్రీలవుతుంది. నమ్మకం కుదరకపోతే అంచుకు మార్కరు సిరా పూసి ఒక్కసారి రాతి మీద లాగాలి. సిరా అంచు కొసన మిగిలితే వీపు మరీ పడుకుంది. కొసన పోయి పైన మిగిలితే వీపు మరీ లేచింది. మొత్తం పోతే కోణం కుదిరింది.

ఒక వైపు నూరుతూ పోతే ఎదుటి వైపు అంచు వెంట సన్నని ఉక్కు పొర పైకి లేస్తుంది. బొటనవేలిని వీపు నుంచి అంచు వైపు అడ్డంగా జారిస్తే గరుకుగా తగులుతుంది. అంచు వెంట నిలువుగా జారిస్తే వేలు తెగుతుంది. ఆ గరుకు మడమ నుంచి మొనదాకా తెగకుండా తగిలేవరకూ కత్తిని తిప్పరాదు. సగంలో తిప్పేవాళ్ల కత్తులు సగమే తెగుతాయి. రెండో వైపూ అంతే. తర్వాత చేతి బలం తగ్గిస్తూ అటొకటి ఇటొకటి లాగి, చివర పాత తోలు బెల్టు మీద వీపు ముందు, అంచు వెనుకగా దువ్వితే ఆ పొర రాలిపోతుంది. పొర రాలక ముందు కూడా కత్తి పదునుగానే అనిపిస్తుంది. అది పుల్ల తగలగానే పోయే పదును.

పరుల యుక్కని యెంచి = ఇది ఇతరుల ఉక్కు అని తలచి. పద్యానికి ప్రాణం ఈ మాట. పేరుకు 1095 అనే ఈ ఉక్కులో కర్బనం దాదాపు 0.95 శాతం. దానికి కొంచెం క్రోమియం, వెనేడియం కలిపారు. తుప్పు పట్టకుండా కాచేంత క్రోమియం కాదు కనుక నూరిన చోట తడి ఆరనిచ్చి కుట్టుమిషన్ నూనె రాయాలి. ఇంతకన్నా కర్బనం ఎక్కువున్న మూసఉక్కును నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించి పర్షియా వర్తకులకు అమ్మిన కాలం ఉంది. ఆ వర్తకులు ముద్దలను సొమ్మిచ్చి కొన్నారు. మన కవి ఉక్కును కొనలేదు, అడిగి తెచ్చుకున్నాడు. ఆ భేదమే ఇక్కడ విధిని నిర్ణయిస్తుంది.

ఏలయనగా, పదును పెట్టడమంటే కత్తికి ఏదో చేర్చడం కాదు, కొంత తీసివేయడం. రాతి మీద నల్లగా పారే బురదలో సగం రాయి, సగం బావగారి ఆస్తి. కొందరు ఔత్సాహికులు "ఎలాగూ నూరుతున్నాం, 15 డిగ్రీలకు దించితే ఇంకా బాగా తెగుతుంది" అంటారు. తెగుతుంది. ఉక్కు మరింత పోతుంది, దుంగ మీద అంచు ఆగదు, కత్తి జాతి మారుతుంది. అరువు కత్తికి కోణం కూడా అరువే. దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలి.

గోరు మందమైనఁ గొఱతగాక = గోరంత మందం కూడా తగ్గనీయక.

ఇమ్ము = తిరిగి ఇవ్వుము. కత్తిని చేతికి చేతికి ఇవ్వకూడదని, కింద పెడితే ఎదుటివారు తీసుకోవాలని మన ఇళ్ల ఆచారం. కనుక ఇమ్ము అనగా ఒరలో పెట్టి బల్ల మీద ఉంచుము. ఉంచేటప్పుడు "బావగారూ, ఇప్పుడు తెగుతుంది" అని చెప్పడం కూడా ఇవ్వడంలో భాగమే. అట్టపెట్టెలను ఏళ్లుగా బలంతో కోసిన చేతికి కొత్త పదును సంగతి తెలియదు. చెప్పకపోతే రెండో వాడకంలో వేలికి కట్టు తప్పదు.

అలంకార చర్చ

గోరు మందం అన్నది అతిశయోక్తి అని కొందరు. కాదు. లెక్క చూడండి. అంచు 0.1 మిల్లీమీటరు వెడల్పున చదునైందనుకుందాం. రెండు వైపులా 20 డిగ్రీల చొప్పున నూరి ఆ చదునును మళ్లీ కొసగా కలపాలంటే అంచు దాదాపు 0.14 మిల్లీమీటరు వెనక్కి జరగాలి. మనిషి గోరు మందం ఇంచుమించు అర మిల్లీమీటరు. అంటే కవి పెట్టిన హద్దులో ఇలాంటి నూరుళ్లు మూడు పడతాయి. ఒక నూరుడుకు ఉక్కు, ఒక తప్పుకు మన్నింపు, ఒకటి బావగారి ముందు జాగ్రత్తకు. కాబట్టి ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. కవి స్కేలు పట్టుకుని రాశాడేమోనని మా అనుమానం.

తాత్పర్యం

అరువు తెచ్చిన కత్తిని ముందు దాని పనికి తగిన పరీక్షతో చూడు. మొద్దుగా ఉంటే మూతి ముడుచుకో గానీ నోరు జారకు. చేతితో, తడిరాతి మీద, దాని కోణంలోనే, కావలసినంత మేరకే నూరు. తీసిన ఉక్కును తిరిగి అతికించలేవు కనుక దానికి బదులు పదును ఇవ్వు. అసలు తగ్గించి తిరిగి ఇచ్చినా అప్పిచ్చినవాడు సంతోషించే బాకీ లోకంలో ఇదొక్కటేనని కవి హృదయం.