హీటెక్కిన బండికి టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథసూరి తెలుగువాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. అక్కర్లేనిది విప్పనని ఇంకొకటి చేరిస్తే ఆ నియమం మెకానిక్ షెడ్డుకూ సరిపోతుంది. ప్రస్తుత గ్రంథం ఒక వచనం. కర్త అజ్ఞాతుడు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా 65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న షెడ్లలో ఎండాకాలమంతా దీని పారాయణం జరుగుతూనే ఉంటుంది.

మూలం: “అన్నా, బండి హీటెక్కుతుంది. లోడు మీద పికప్పు ఉండట్లేదు, నల్లపొగ కొడుతుంది. నీళ్లు పోస్తే కాసేపు బానే ఉంటుంది.”

ప్రతిపదార్థం:

అన్నా = ఓ మెకానిక్కూ! వయసులో చిన్నవాడైనా సరే, బిల్లు వేసేవాడు అన్నే.

బండి = 1998లో వచ్చిన సఫారి, 2000లో వచ్చిన బొలెరో, 2002లో వచ్చిన స్కార్పియో, వాటి తరం టర్బో డీజిలు. తర్వాత వచ్చిన కామన్‌రైల్ బండ్లలో ఇంజన్ మరీ వేడెక్కితే కంప్యూటరే డీజిల్ కోసేస్తుంది. అక్కడ పికప్పు పోవడం వేడికి ఫలితం. మెకానికల్ పంపున్న పాత బండికి ఆ తెలివి లేదు. అది మాడిపోయేదాకా లాగుతూనే ఉంటుంది. కనుక లాగుడు తగ్గిందంటే దానికి వేరే కారణం ఉండాలి, లేదా వేడిని పుట్టించిన కారణమే దీన్నీ పుట్టించి ఉండాలి.

హీటెక్కుతుంది = ఎప్పుడు? మూలకర్త చెప్పలేదు, వ్యాఖ్యాత అడగాలి. కీసర టోల్‌గేటు క్యూలో టెంపరేచర్ ముల్లు పైకెక్కి, బండి కదలగానే దిగితే అనుమానం ఫ్యాను మీద. ఇంజన్ ఆపి, తాళం చేతిలోకి తీసుకున్నాక, వేడి మీదే ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పి చూడాలి. బరువుగా కదిలితే ఫ్యాన్ క్లచ్‌కు పట్టు ఉన్నట్టు. గిరగిరా తిరిగితే లోపలి సిలికాన్ ద్రవం కారిపోయినట్టు.

క్యూలో బాగానే ఉండి పరుగు మీద వేడెక్కితే రేడియేటర్‌ను చూడాలి. ఈ ప్రాంతంలో దానికి శత్రువులు ఇద్దరు. పత్తి నూగు, మిరప ధూళి, సిమెంటు లారీల దుమ్ము కలిసి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య గోడ కడతాయి. ఇది బయటి శత్రువు. లోపలి శత్రువు సున్నపురాయి. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దాని వల్లే. అది నేలలో ఉన్నచోట బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. కూలెంట్ బదులు అవే పోస్తూ పోతే, కాగు అడుగున కట్టే తెల్లపొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. వేడి ఇంజన్ మీద లేజర్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా కొలిస్తే, ఒకచోట 85 డిగ్రీలుండి పక్కనే 50 చూపించిన మేర నీరు పారట్లేదని అర్థం.

లోడు మీద పికప్పు ఉండట్లేదు = ఈ మాట మీద వాదం ఉంది. ఇంజన్ శబ్దం పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పది కిలోమీటర్లు నడిపి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టినప్పుడు ఒకటి మాత్రం సెగలు కక్కితే బ్రేకు పట్టేసింది. పట్టేసిన బ్రేకుతో నడిచే బండి వేడెక్కుతుంది కూడా. రెండు లక్షణాలకూ ఒకే కారణం దొరికే సందర్భం ఇది. దొరికితే సిలిండర్ హెడ్డు జోలికి పోనక్కర్లేదు.

నల్లపొగ = డీజిల్‌కు తగ్గ గాలి అందట్లేదని సూచన. ముందు ఎయిర్ ఫిల్టర్. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ పోయే రబ్బరు హోస్‌లు. చీలిక ఎక్కువగా క్లిప్పు కిందే దాక్కుంటుంది. అక్కడ నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లగా కనపడుతుంది, లోడు మీద ఉస్‌మని కూస్తుంది. గాలి చాలకపోతే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, డ్రైవర్ ఇంకా తొక్కుతాడు, ముల్లు ఇంకా ఎక్కుతుంది.

పాఠాంతరం: కొన్ని షెడ్లలో “పొగే లేదు” అని వినపడుతుంది. అప్పుడు గాలి కాదు, డీజిలే చాలట్లేదు. ఫిల్టర్, ట్యాంకులోని జాలీ చూడాలి. “తెల్లపొగ” అనే పాఠం, కూలెంట్ తగ్గడంతో కలిసి వస్తే, భయపడదగినది.

నీళ్లు పోస్తే = పోసిన నీళ్లు ఏమైపోతున్నాయి? అసలు ప్రశ్న ఇదే. బయట కారితే హోస్, వాటర్ పంపు, రేడియేటర్ చూడాలి. ఎక్కడా కారకపోతే రేడియేటర్ మూతను అనుమానించాలి. ఒక బార్ ఒత్తిడి నిలిపే మూత కింద నీరు 120 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగ్ బలహీనపడితే 100 దగ్గరే మరిగి పొంగిపోతుంది. మూత మంచిదే అయితే, చల్లని ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి చూడాలి. బుడగలు ఆగకుండా వస్తూంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. వేడి మీద మాత్రం ఆ మూత తీయకూడదు.

పూర్వపక్షం: “థర్మోస్టాట్ పీకేస్తే చల్లబడుతుంది” అని కొందరు. నిరాకరణ: పీకేస్తే కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి తెరిచే ఉండి, కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగొస్తుంది. మిగతావాటిలో ఇంజన్ చల్లగా నడిచి డీజిల్ తాగుతుంది. లోపం మాత్రం అలాగే ఉంటుంది. కనుక ఇది గ్రంథలోపం, సవరణ కాదు.

ధ్వని: పదాల్లో చెప్పకుండా మూలకర్త కోరుతున్నది ఒకటుంది. “తక్కువలో తేల్చు.”

తాత్పర్యం: ఖర్చు లేనివి ముందు చూడాలి. నీటి మట్టం, మూత, ఫ్యాను, రేడియేటర్ ముఖం, బ్రేకు డ్రమ్ములు, ఎయిర్ ఫిల్టర్, హోస్‌లు, డీజిల్ ఫిల్టర్. వీటికి ఒక పూట చాలు. ఇవన్నీ అయ్యాక బుడగలు కనపడితేనే హెడ్డు విప్పించి, విజయవాడ ఆటోనగర్‌కు పంపి ప్రెషర్ టెస్ట్ చేయించి, వంకర తేలితే లేత్ మీద చదును చేయించండి. ఈ వరుసలో ఏదీ చూడకుండానే హెడ్డు దించాలని ఎవరన్నా అంటే, ముందు ఆ బుడగలు చూపించమని అడగండి.