శిబిరోత్పాటన శాస్త్రానికి ఒక పీఠిక

బహిరంగ స్థలంలో రోజుల తరబడి బైఠాయించిన నిరసనకారులను ఒక దిక్కుకు, వారి టెంటును, ఫ్లెక్సీని, మైకు సెట్టును మరో దిక్కుకు పంపి, మరునాటి పత్రికలో ‘పరిస్థితి అదుపులో ఉంది’ అన్న వాక్యం అచ్చయ్యేలా చూసే విద్యను శిబిరోత్పాటన శాస్త్రమని నిర్వచించవచ్చు. వాడుకలో దీనినే టెంటు పీకడమంటారు. ఫ్లోరైడ్ నీళ్లు, వలసలు, ప్రాజెక్టుల ముంపు, రీజినల్ రింగు రోడ్డు, ఇథనాల్ ఫ్యాక్టరీలు వంటి ముడిసరుకు సమృద్ధిగా లభించే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ శాస్త్రానికి ప్రయోగశాలల కొరత ఏనాడూ లేదు. అయితే పోలీసు శాఖ దీనిని గురుముఖంగానే తప్ప గ్రంథరూపంలో అందించలేదు గనుక, ఈ పీఠిక ఆ లోటును కొంతవరకైనా తీర్చగలదు.

శాస్త్రాధ్యయనానికి ముందు ప్రత్యర్థి ఆయుధాన్ని తెలుసుకోవాలి. తెలంగాణ ఉద్యమకాలంలో పట్టణ పట్టణానా వెలసిన రిలే నిరాహార దీక్షలో ఒక బృందం ఉదయం కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తుంది, మరునాడు మరో బృందం కూర్చుంటుంది. ఒకే వ్యక్తి ఆమరణ దీక్ష చేస్తే అతనిని ఆసుపత్రికి తరలించి సెలైన్ ఎక్కించవచ్చుగాని, రాత్రి ఇంట్లో భోంచేసి పొద్దున దీక్షకు వచ్చే న్యాయవాదుల సంఘానికి ఏ సెలైనూ పనిచేయదు. ఆమరణ దీక్షకైనా ఆసుపత్రి చికిత్స సురక్షితమని చెప్పలేము. 2009 నవంబరు 29న సిద్దిపేటలో దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖర్ రావును కరీంనగర్ శివారులోని అలుగునూరు వద్ద అరెస్టు చేసి ఖమ్మం జైలుకు, అక్కడి నుంచి ఆసుపత్రికి, చివరకు హైదరాబాద్ నిమ్స్‌కు తరలించడంతో, సిద్దిపేటలో ఒక టెంటు కింద ముగియవలసిన దీక్ష మూడు పట్టణాలకు విస్తరించి, డిసెంబరు 9 రాత్రి ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి ప్రకటనతో గాని ఆగలేదు.

ప్రథమాధ్యాయం కాగితానికి సంబంధించినది. 1857 తిరుగుబాటు చల్లారిన తరువాత తెల్లదొరలు రాసుకున్న 1861 నాటి పోలీసు చట్టంలో, ఊరేగింపులను, సభలను క్రమబద్ధం చేసే 30వ సెక్షన్ ఒకటుంది. జిల్లాలో నెల రోజులపాటు ఈ సెక్షన్ అమలులో ఉంటుందని, ముందస్తు అనుమతి లేని ధర్నాలు, రాస్తారోకోలు నిషిద్ధమని ఎస్పీ కార్యాలయం పత్రికా ప్రకటన ఇస్తుంది. నెల నిండగానే తేదీలు మాత్రం మారిన మరో ప్రకటన వెలువడుతుంది. వీధులలో సభలను క్రమబద్ధం చేయవచ్చుగాని మొత్తంగా నిషేధించరాదని సుప్రీంకోర్టు హిమత్‌లాల్ షా కేసులో 1972లోనే చెప్పింది. ఆ కేసు గుజరాత్‌లో పుట్టింది గనుక తీర్పు గోదావరి నది దాటి నల్లగొండ చేరడానికి సమయం పడుతున్నదని సరిపెట్టుకోవలసి వస్తుంది. ఇది చాలనప్పుడు నలుగురికి మించి గుమికూడరాదనే పాత 144 సెక్షన్ ఉండనే ఉంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా కొత్త చొక్కా తొడుక్కుంది.

ద్వితీయాధ్యాయం శిబిరం పుట్టకముందే దానిని తొలగించే సూక్ష్మవిద్యను వివరిస్తుంది. నేరం చేయబోతున్నాడన్న అనుమానంతో ఒక వ్యక్తిని ఇరవై నాలుగు గంటలకు మించకుండా అదుపులోకి తీసుకోవడాన్ని ముందస్తు అరెస్టు అంటారు. దీనికి దక్షిణ తెలంగాణలో జరిగిన మహాప్రయోగం 2013 మార్చి 21 నాటి సడక్ బంద్. హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు పాలమూరు మీదుగా సాగే జాతీయ రహదారిని శంషాబాద్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా దిగ్బంధించాలని తెలంగాణ రాజకీయ ఐక్య కార్యాచరణ సమితి (జేఏసీ) పిలుపునివ్వగా, నాటి కాంగ్రెస్ ప్రభుత్వం అనుమతి నిరాకరించి, జేఏసీ చైర్మన్ ఎం. కోదండరాం సహా పలువురిని అరెస్టు చేసింది. రాష్ట్రం వచ్చాక ఈ విద్య మరుగున పడుతుందని భయపడిన శాస్త్రాభిమానులకు 2017 ఫిబ్రవరి 22 ఊరటనిచ్చింది. నిరుద్యోగుల ర్యాలీ జరగవలసిన ఆ రోజున తెల్లవారకముందే తార్నాకలోని ఇంటి నుంచి అదే కోదండరాంను టీఆర్ఎస్ ప్రభుత్వ పోలీసులు తీసుకువెళ్లారు. వేళ విషయంలో మాత్రం విద్యార్థి జాగ్రత్త వహించాలి. 2011 జూన్‌లో ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రపోతున్న బాబా రాందేవ్ అనుచరులను అర్ధరాత్రి బాష్పవాయువుతో లేపినందుకు, నిద్ర కూడా పౌరుని ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో మందలించింది. కోర్టు నిద్రను గురించి చెప్పింది గనుక, కూర్చుని మేలుకుని ఉన్నవారి విషయంలో సందేహానికి తావు లేదని కొందరు వ్యాఖ్యాతలు అన్వయించుకున్నారు.

తృతీయాధ్యాయమైన స్థలమార్పిడి ఈ శాస్త్రానికి తెలంగాణ చేసిన మౌలిక దోహదం. హైదరాబాద్ ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్ దశాబ్దాలుగా పాలమూరు వలస కూలీలకు, నల్లగొండ ఫ్లోరైడ్ బాధితులకు సచివాలయానికి కూతవేటు దూరంలో నిలబడి అరిచే అవకాశమిచ్చింది. 2017లో ప్రభుత్వం ట్రాఫిక్‌కు, ఉదయపు నడకకు వచ్చే వారికి ఇబ్బందిగా ఉందంటూ ధర్నాలను నగర శివార్లకు మార్చింది. ధర్నా హక్కు చెక్కుచెదరలేదు, అది వినవలసినవారు మాత్రం ఎక్కడో దూరాన ఉండిపోయారు. ఆ ఏడాది మే 15న ప్రతిపక్షాలు ధర్నా చౌక్ ఆక్రమణకు పిలుపునిచ్చినప్పుడు, చౌక్ వద్దంటూ మరో శిబిరం ఎదురుగా వెలిసింది. అందులో ప్లకార్డు పట్టుకుని కూర్చున్నవారిలో మఫ్టీలో ఉన్న మహిళా పోలీసు అధికారి ఉన్నట్లు ఫొటోలతో సహా బయటపడింది. శిబిరాన్ని ఎత్తివేయడానికి పోలీసులే పోటీ శిబిరంలో కూర్చోవడమన్న ఈ ప్రక్రియకు ప్రపంచ పోలీసు చరిత్రలో సాటి దొరకడం కష్టం. 2018 నవంబరులో హైకోర్టు ధర్నాలను తిరిగి అనుమతించింది. 2021 నవంబరు 18న ముఖ్యమంత్రి చంద్రశేఖర్ రావు స్వయంగా మంత్రులతో కలిసి, యాసంగి వడ్లు కొనాలని కేంద్రాన్ని డిమాండ్ చేస్తూ అదే చౌక్‌లో మహాధర్నా చేశారు. ఆ రోజు ఉదయపు నడకకు వచ్చినవారికి కలిగిన ఇబ్బంది ఏ ఫైలులోనూ నమోదైన దాఖలా లేదు.

చతుర్థాధ్యాయం ఉపకరణాలది. శిబిరంలో కూర్చున్నవారిని ఎత్తి డీసీఎం వాహనంలో వేయడం, ఊరికి దూరంగా ఉన్న ఠాణాలోనో ఫంక్షన్ హాలులోనో సాయంత్రం దాకా ఉంచి సొంత పూచీకత్తుపై వదలడం సామాన్య ప్రక్రియలు, అసామాన్యమైనది బేడీ. విచారణలో ఉన్నవారికి యాంత్రికంగా బేడీలు వేయడం రాజ్యాంగ విరుద్ధమని ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. 2023 జూన్‌లో, టీఆర్ఎస్ పేరు మార్చుకున్న బీఆర్ఎస్ ఏలుబడిలో, రీజినల్ రింగు రోడ్డు భూసేకరణను వ్యతిరేకించిన రాయగిరి రైతులను భువనగిరి కోర్టుకు బేడీలతో తెచ్చారు. నాటి ప్రతిపక్షమైన కాంగ్రెస్ ఆగ్రహించింది. 2024 డిసెంబరులో, కాంగ్రెస్ ఏలుబడిలో, భూసేకరణ గొడవకు సంబంధించిన లగచర్ల కేసులో సంగారెడ్డి జైలులో ఉన్న కొడంగల్ ప్రాంత రైతును గుండెనొప్పితో ఆసుపత్రికి తెచ్చినప్పుడు బేడీలు కనిపించాయి. ఈసారి బీఆర్ఎస్ ఆగ్రహించింది, ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. ఆ ఆదేశం ఎంత దూరం వినిపించిందోగాని, ఆరు నెలలకే, 2025 జూన్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ వద్ద ఇథనాల్ ఫ్యాక్టరీని ప్రతిఘటించిన రైతులు అలంపూర్ కోర్టులో బేడీలతో దర్శనమిచ్చారు. ప్రభుత్వం మారినప్పుడు పథకాల పేర్లు, పాసు పుస్తకాలపై బొమ్మలు మారుతాయిగాని, మాల్ఖానాలో సామగ్రి మారదని ఈ మూడు ఉదాహరణలు నిరూపిస్తున్నాయి.

ఇన్ని అధ్యాయాలున్నా, దీర్ఘకాల శిబిరాలను శాశ్వతంగా ఎత్తివేసిన ఘనత ఈ శాస్త్రానికి దక్కడం అరుదన్న చేదు నిజాన్ని పీఠికలో దాచడం న్యాయం కాదు. పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా నూరు రోజులు నడిచిన ఢిల్లీ షాహీన్ బాగ్ శిబిరాన్ని 2020 మార్చి 24న పోలీసులు ఖాళీ చేయించగలిగింది కరోనా తోడు రావడం వల్లనే. ప్రజా రహదారులను నిరవధికంగా ఆక్రమించరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది అక్టోబరులో, అంటే రోడ్డు ఖాళీ అయిన ఆరు నెలలకు. రాజధాని తరలింపును వ్యతిరేకిస్తూ 2019 డిసెంబరు 17న మొదలైన అమరావతి రైతుల శిబిరాలు నిషేధాజ్ఞలను, ముళ్లకంచెలను, కేసులను తట్టుకుని 1,600 రోజులకు పైగా నిలిచి, 2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చాక గాని లేవలేదు. అక్కడ టెంటు తనంతట తానే లేచింది, కుర్చీ మాత్రం ఖాళీ అయింది.

ఈ శాస్త్రానికున్న అసలు లోపం ఇక్కడే బయటపడుతుంది: అది టెంటును తొలగించగలదుగాని, టెంటులోని మనిషిని అధికారంలోకి రాకుండా ఆపలేదు, అధికారంలోకి వచ్చిన మనిషిని తిరిగి టెంటులోకి వెళ్లకుండానూ ఆపలేదు. రెండు ప్రభుత్వాల చేతా అరెస్టయిన కోదండరాం 2024 ఆగస్టులో శాసనమండలి సభ్యుడిగా ప్రమాణం చేశారు. ధర్నా చౌక్‌కు తాళం వేసిన పార్టీ నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో రైతు ధర్నా చేస్తానంటే పోలీసులు అనుమతించకపోగా, హైకోర్టు మెట్లెక్కి షరతులతో అనుమతి తెచ్చుకుని 2025 జనవరి 28న కూర్చుంది. నిరసన హక్కు కోసం ఆ పార్టీ వినిపించిన వాదనను, అంతకు ఎనిమిదేళ్ల ముందు అదే పార్టీకి ఎదురు నిలిచినవారూ వినిపించారు.

కాబట్టి క్షేత్రస్థాయి సిబ్బందికి ఈ పీఠిక ఒకే ఒక కార్యాచరణ సూత్రాన్ని సిఫారసు చేస్తున్నది. శిబిరంలోని వ్యక్తిని చేతులు, కాళ్లు పట్టి డీసీఎం ఎక్కించేటప్పుడు తల తగలకుండా, చొక్కా చిరగకుండా, చెప్పులు జారిపోకుండా చూడాలి. కిందపడిన కళ్లజోడును తుడిచి చేతికివ్వాలి. రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చిన హామీ గుర్తున్నా లేకున్నా, ఐదేళ్ల తరువాత అదే చౌరస్తాలో అదే వ్యక్తి కాన్వాయ్‌కి ట్రాఫిక్ ఆపవలసింది, బదిలీ కోసం అతని సిఫారసు లేఖకే తిరగవలసింది ఈ కానిస్టేబులేనన్న సంగతి గుర్తుంటే చాలు.