చందుర్తి యుద్ధంలో నా వరిచేను

చారిత్రక నవల రాయాలన్న పురుగు కుట్టిన ప్రతివాడిలాగే నేనూ ముందు బొబ్బిలి యుద్ధం వైపే చూశాను. అక్కడ సినిమా, బుర్రకథ, నాటకం అన్నీ అయిపోయి కాలు పెట్టే సందు లేదు. అప్పుడు దొరికింది చందుర్తి! గొల్లప్రోలు దగ్గర, 1758 డిసెంబరు. ఇటు ఇంగ్లీషు కుంఫిణీ కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు. అటు, సేనాని బుస్సీ వెళ్ళిపోయాక మిగిలిన ఫ్రెంచి సేనతో కాన్‌ఫ్లాన్స్. ఈ ఒక్క పోరుతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ కాళ్ళ కింద నేల కదిలింది, నాలుగు నెలలకి మచిలీపట్నం కోటా పోయింది. ఇంత యుద్ధం గురించి తెలిసినవాడు జిల్లాకొకడైనా లేడు, నేను తప్ప! పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించే కుర్రాణ్ణి ఆపి మరీ "చందుర్తి తెలుసా?" అనేవాణ్ణి. మీరూ ఏదో ఒకటి కొత్తగా తెలుసుకున్నప్పుడు ఇలాగే చేసుంటారు, దాచకండి.

హీరో ఒక సిపాయి. మీసం నాదే, ఆరడుగుల ఎత్తు మాత్రం అరువు.

యుద్ధంలో అసలు మలుపు బట్టల్లో ఉంది. ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలవి ఎర్రకోట్లు. ఈ తీరంలో కుంఫిణీ సిపాయిల్ని తెల్లబట్టల్లో చూడడం అలవాటైన ఫ్రెంచివాళ్ళు వీళ్ళనే దొరల పటాలం అనుకుని మీద పడ్డారు. అసలు దొరలు, నాలుగొందల డెబ్భై మంది, ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను చాటున ఉన్నారు. అటు నుంచి బయటికొచ్చి పక్కనుంచి కాల్చారు. అంతే, కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు.

నాకేమో ఆ మొక్కజొన్న కవిత్వానికి లొంగలేదు. గోదావరి సీమ అంటే వరి ఉండొద్దూ? చేనంతా పీకేసి వరి నాటాను. కంకులు తలలూపడానికే రెండు పేజీలు పట్టింది.

ఆ ఊళ్ళ వైపే ఒక సభలో మొదటి అధ్యాయం చదివాను. శాలువా నా డబ్బుతోనే ముందే తెప్పించి ఉంచాను. ముందు వరసలో ఒక పెద్దాయన లేచారు. "ఆయ్, బాగుందండీ. డిసెంబరంటే మాకు కోతలండీ. కోతకొచ్చిన వరి ఇంతుంటదండీ," అని తొడ దగ్గర చెయ్యి పెట్టారు. "అంతమంది దొరలు ఎలా దాక్కున్నారండీ?" వంగి కూర్చున్నారన్నాను. కోసేసిన మళ్ళోనా అన్నారు. కొయ్యలేదన్నాను. మరి ఫిరంగులో అన్నారు. అవీ వంగాయనబోయి మంచినీళ్ళు తాగాను. హాలంతా ఒకటే నవ్వు, నన్ను పిలిచిన కార్యదర్శితో సహా.

పానిపట్టు గురించి తప్పు రాస్తే ఏ ప్రొఫెసరో పట్టుకుంటాడు, ఉత్తరానికి జవాబు రాసి తప్పుకోవచ్చు. ఎవరికీ తెలియని యుద్ధం పెట్టుకుంటే ఆ పొలం ఆసామే ఎదురుగా కూర్చుంటాడు. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే, వినేవాణ్ణి కాదనుకోండి.

పెద్దాయన ఇంకా కూర్చోలేదు. "అది సరేగానండీ, తొక్కేసిన పైరుకి డబ్బులెవరు కట్టారండీ? కుంఫిణీ వాళ్ళా, ఫ్రెంచోళ్ళా?"

"రెండో అధ్యాయం కూడా తెచ్చానండీ, చదవమంటారా?" అన్నాను.